పై ఇంటి నీళ్ళు

మార్చి 3, గురువారం

ఉదయం పది గంటలకు మురుగు గొట్టాల పని పూర్తయినట్టు ప్రకటించారు. ఇరవై రెండు ఇళ్ళు. ఇకమీదట మరుగుదొడ్డి, స్నానాల గది, వంటింటి తూము అన్నీ భూమిలోని గొట్టంలోకే. కాలువలోకి ఇంటింటి నీటిగదిలో ఉబికే ఊట నీళ్ళు తప్ప ఇంకేదీ పోకూడదు. సంఘం పెద్ద మురాకి-సాన్ రిబ్బను కత్తిరించాడు. కత్తెరకు పదును లేదు. మూడుసార్లు నొక్కాల్సి వచ్చింది.

నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. చెప్పాను. "ఈ కాలువ మన అందరి నీటిగదుల్లోంచీ పోతుంది. పై ఇంటావిడ కూరలు కడిగి వదిలిన నీళ్ళలో కింది ఇంటావిడ బియ్యం కడుగుతుంది. చివరికి అది బివా సరస్సులో కలుస్తుంది. పైనున్నవాళ్ళకు సిగ్గు ఉంటేనే కిందున్నవాళ్ళకు నీళ్ళు." చప్పట్లు కొట్టారు.

నీళ్ళ లెక్క నా పూచీ. ముప్పై ఒక్క ఏళ్ళు సైన్సు చెప్పినదాన్ని, ఇంకెవరికి ఇస్తారు? ముప్పై సెంటీమీటర్ల గాజు గొట్టం, అడుగున నల్ల గీత. ఎన్ని సెంటీమీటర్ల నీళ్ళు పోసినా గీత కనిపిస్తుందో అదే ఆ రోజు స్పష్టత. ముప్పై అయితే నిండు మార్కులు. కాలువలోకి దిగే ఎవరింటి నీటిమెట్టు మీద వాళ్ళు నిలబడి వారానికోసారి కొలవాలి. నేను రోజూ కొలుస్తాను.

గొట్టాలు వేసిన ఒకుడా నా దగ్గర చదివినవాడే, భిన్నాలు ఎన్నడూ రాలేదు. మా బుద్ధుడి గది నేల కింద ఒకసారి చూస్తానని ఇప్పటికీ అంటున్నాడు, కొడుకూ కోడలూ ఉండే వెనక వాటా గొట్టం ఎటు పోతోందో తెలియాలట. జనవరిలోనే చెప్పాను, మావారు పోయి నలభైతొమ్మిది రోజులు నిండకుండా ఆయన పటం ముందు నేల పగలనివ్వనని. ఆ గొట్టం వంటింటి కింద పెద్దదానిలో కలుస్తుంది. నా దగ్గర డ్రాయింగు ఉంది. "టీచరుగారు చెప్పాక ఇంకేముంది" అని వంగి దణ్ణం పెట్టాడు.

మార్చి 7, సోమవారం

స్పష్టత 19. ఉదయం ఏడూ ఇరవై. మా మెట్టు దగ్గర నురగ.

మా పై ఇల్లు కునియెది. టోఫు చేసి అమ్ముతుంది. సోయా ఉడికితే నురగ వస్తుంది. ఇందులో ఆలోచించాల్సింది ఏమీ లేదు.

మార్చి 8

28.

మార్చి 9

28.

మార్చి 10, గురువారం

18. నురగ. కునియె సోమవారం, గురువారం మాత్రమే టోఫు చేస్తుందా అని కోడలు మసుమిని అడిగాను. బట్టలు ఆరేస్తోంది. "ఆదివారం తప్ప రోజూ చేస్తారు కదా అత్తయ్యా" అంది. ఒక చొక్కాకు రెండు రంగుల క్లిప్పులు పెట్టింది. ఎన్నిసార్లు చెప్పాలి.

మార్చి 14, సోమవారం

17. కింది ఇంటి నుంచి మురాకి-సాన్ భార్య వచ్చింది. బియ్యం కడిగితే సబ్బు వాసన వస్తోందట. సోయా నురగ సబ్బు వాసనలాగే ఉంటుందని చెప్పాను. తర్వాత కునియె ఇంటికి వెళ్ళాను.

అరచేతిలో టోఫు పెట్టుకుని కోస్తోంది. చేతులు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"రండి టీచరమ్మా. తనిఖీకా, టోఫుకా?"

"టోఫు పిండగా వచ్చే నీ తెల్లనీళ్ళు ఎక్కడికి పోతున్నాయి?"

"ఎప్పుడూ పోయే చోటికే. చేపల తొట్టిలోకి. అవి తినగా మిగిలింది కాలువలోకి. మా అత్తగారి నాటి నుంచీ తింటూనే ఉన్నాయి, ఒక్కటీ ఫిర్యాదు చెయ్యలేదు."

"మరి ఊరంతా తవ్వి మురుగు గొట్టం ఎందుకేశారు?"

"మురుక్కి. ఇది మురుగా? పెళ్ళయిన కొత్తలో మీకు పాలు పడకపోతే పొద్దున్నే గిన్నె పట్టుకొచ్చి ఈ సోయాపాలే తాగి వెళ్ళేవారు. ఆ గిన్నె ఇంకా నా దగ్గరే ఉంది."

అది నిజమే. ఒకే వసంతంలో ఇద్దరం ఈ ఊరికి కోడళ్ళుగా వచ్చాం. దానికీ నీళ్ళ స్పష్టతకూ సంబంధం లేదు.

"నురగ నీ ఇంటి వైపు నుంచే వస్తోంది" అన్నాను.

"అయితే మీ గాజు గొట్టం ఇక్కడికి తెచ్చుకోండి. నా మెట్టు మీద నిలబడి కొలవండి. ఇక్కడ మురికి ఉంటే నాది తప్పు. లేకపోతే కాదు. దీనికి సైన్సు కూడా అక్కర్లేదు."

"ఒకరి నీటిమెట్టు మీద ఇంకొకరు కాలు పెట్టరు."

"నేనే పిలుస్తున్నానుగా."

"పిలిచినా పెట్టరు. మా అత్తగారు నాకు నేర్పిన మొదటి మాట అది."

నవ్వింది. "చదువుకున్నవాళ్ళ మడి గొప్పగా ఉంటుందమ్మా."

టోఫు కొనకుండా వచ్చేశాను.

మార్చి 20, ఆదివారం

నోటీసు పలక మీద అంకెల పట్టిక పెట్టి ఊరంతా తిప్పాను. ఇళ్ళకు పైనుంచి నంబర్లు. ఆరో నంబరు ఎదురుగా "మార్పు అవసరం" అని రాశాను. పేరు రాయలేదు. పేరు రాయడం అమర్యాద. చదివినట్టు అందరూ ముద్ర వేశారు. ఆరో నంబరు ముద్ర తలకిందులుగా పడింది. కావాలని వేసిందో, కళ్ళు ఆనలేదో.

ఏప్రిల్ 2

ఊళ్ళో కునియె టోఫు కొనడం మానేశారు. నిన్న రెండు ముక్కలు అమ్ముడయ్యాయట. కొనవద్దని నేను ఎవరికీ చెప్పలేదు. "నీళ్ళ సంగతి తేలేదాకా నేనైతే కొనను" అన్నాను, అంతే.

మనవరాలు చిహారు బడి నుంచి వస్తూ కునియె చేపలకు సోయా పిప్పి వేసి వచ్చింది. అరగంట మోకాళ్ళ మీద కూర్చోబెట్టాను. వీపు వంకర పోతే మళ్ళీ మొదటి నుంచి లెక్క. మొత్తం నలభైనాలుగు నిమిషాలు అయింది.

ఏప్రిల్ 11, సోమవారం

16. మురాకి-సాన్ వచ్చాడు. టీ రెండు గుక్కలు తాగి, కప్పు కింద పెట్టి, మళ్ళీ తీసి, చివరికి అన్నాడు.

"పాతకాలంలో అయితే ఇలాంటి ఇంటిని వెలివేసేవాళ్ళు టీచరుగారూ."

"ఈ కాలంలో వెలి ఏమిటి? అది చట్టానికి విరుద్ధం."

"అవునవును. ఊరికే అన్నాను."

"నోటీసు పలక ఆరో ఇంటికి తీసుకెళ్ళనక్కర్లేదు. చదివినా లెక్కచెయ్యనివాళ్ళకు ఎందుకు? అయిదో ఇంటివాళ్ళు నేరుగా ఏడుకి ఇస్తే నడక కూడా కలిసొస్తుంది."

ఏడు మా ఇల్లే. ఆయనకు భారం దిగినట్టయింది. రెండో కప్పు పూర్తిగా తాగాడు.

ఏప్రిల్ 17, ఆదివారం

కాలువ పూడికతీత. ఎనిమిది గంటలకు ఎగువ తలుపు మూశారు. మూడు రోజుల ముందే పలక తిప్పాం, ముందురోజు సాయంత్రమే చేపల్ని వేరే తొట్టెల్లోకి మార్చుకోండి, నీటిగదిలోని తొట్టి కాలువకు తెరిచి ఉంటుంది కాబట్టి నీళ్ళు మొత్తం జారిపోతాయి అని. ఇరవై ఒక్క ఇళ్ళ నుంచి ఇరవై ఒక్క మంది వచ్చారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఇద్దరు.

ఊళ్ళో కొనేవాళ్ళు లేక కునియె ముందురోజు చేసిన టోఫు పక్క ఊరి సంతకు తీసుకెళ్ళింది. ఆరున్నర బస్సుకు వెళ్ళి పన్నెండున్నర బస్సుకు వచ్చింది. అప్పటికి ఆమె చేపల తొట్టిలో బురద మాత్రమే ఉంది. ఏడు బంగారుతీగ చేపలు. పెద్దదాని వయసు ముప్పై నాలుగేళ్ళు అనేది.

ఏడవలేదు. ఒక్కొక్క దాన్నీ కుళాయి కింద పెట్టి మొప్పల్లో బురద కడిగింది. ఖాళీ టోఫు పెట్టెల్లో పడుకోబెట్టి, ముల్లంగి మడిలో పూడ్చింది. మేమంతా పారలు కడుక్కుంటూ ఉన్నాం. నేను మాత్రం ఏమనాలి?

చిహారు అడిగింది. "నానమ్మా, నీళ్ళు ఆపుతారని కునియె మామ్మకు ఎవరూ చెప్పలేదా?"

"పలక అందరికీ తిరిగింది" అన్నాను.

ఇది అబద్ధం కాదు. ఆ అందరిలో ఎవరెవరున్నారో అది అడగలేదు.

ఏప్రిల్ 25, సోమవారం

17. కునియె ఒకుడాను పిలిపించి తన తెల్లనీళ్ళ తూమును కూడా మురుగు గొట్టానికి కలిపించుకుంది. "తినేవాళ్ళు పోయారుగా, ఇంకెవరికి పోస్తాను" అన్నదట. ఇప్పుడు ఆమె ఇంటి నుంచి కాలువలోకి వచ్చేది ఊట నీళ్ళు ఒక్కటే.

మొదటే వినుంటే ఇంతదాకా వచ్చేది కాదు.

ఏప్రిల్ 28, గురువారం

17. నురగ.

తూము కలిపాక కూడా నురగ వస్తోందంటే, చాటుగా పోస్తోందన్నమాట. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

మే 2, సోమవారం

16.

మే 5, గురువారం

17.

మే 8, ఆదివారం

సంఘం సమావేశం. కునియెను పిలిపించారు. కింద కూర్చుంది. దిండు ఇచ్చారు, పక్కకు జరిపింది.

మురాకి-సాన్ చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడాడు. సరస్సులో ఆయు చేపలు ఈసారి మన కాలువ వైపు తిరగలేదన్నాడు. చివరికి తీర్మానం చదివాడు. ఆరో నంబరు ఇంట్లో ఊట గొట్టానికి మూత వేసి, తొట్టిని ఇసుకతో నింపి, పైన సిమెంటు చెయ్యాలి. ఇరవై ఒకటో తేదీ, శనివారం, ఉదయం తొమ్మిది.

కునియె అడిగింది. "చాటుగా పోస్తున్నానంటున్నారు. ఎవరైనా చూశారా?"

మురాకి-సాన్ తీర్మానం కాగితం మడిచాడు.

"పోనీ, పోస్తున్నాననే అనుకోండి. తప్పయింది." రెండు చేతులూ చాప మీద పెట్టి నుదురు ఆనించింది. "ఊట ఒక్కటి వదిలెయ్యండి. కుళాయి నీళ్ళతో టోఫు కుదరదు. మందు వాసన వస్తుంది. నాకు వేరే పని రాదు."

ఎవరో దగ్గారు. మురాకి-సాన్ నా వైపు చూశాడు. "టీచరుగారు ఏమంటారు?"

"నేనేమీ అనను. అంకెలు చదువుతాను."

చదివాను. మార్చి 7 నుంచి మే 5 దాకా. తొమ్మిది నిమిషాలు పట్టింది. అంతసేపూ ఆమె నుదురు చాప మీదే ఉంది. లేవమని చెప్పాల్సింది మురాకి-సాన్. అధ్యక్షత ఆయనది.

మే 19, గురువారం

ఏడూ ఇరవైకి గాజు గొట్టం ముంచాను. నీళ్ళు పచ్చగా వచ్చాయి.

మెట్టు మీద వంగి చూశాను. పచ్చదనం పైనుంచి రావడం లేదు. కునియె ఇంటి వైపు నీళ్ళు అద్దంలా ఉన్నాయి, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టవచ్చు. మా గోడ కిందనుంచి, మా మెట్టుకు మూరెడు ఎగువన, నీటిమట్టానికి దిగువగా ఉన్న కంతలోంచి వస్తోంది. పచ్చటి తాడులాగా. నురగ దానితోపాటే.

మసుమిని పిలిచాను. భుజాలు పట్టేస్తున్నాయని నిన్న స్నానం తొట్టిలో పైన్ వాసన పొడి కలిపిందట. పచ్చ పొడి. ఆ తొట్టి నీళ్ళతోనే పొద్దున బట్టలు ఉతికి, ఏడు గంటలకు వదిలేస్తుంది. సోమవారం, గురువారం.

వెనక వాటా గొట్టం వంటింటి కింద కలవడం లేదు. బుద్ధుడి గది కిందుగా నేరుగా కాలువలోకి వస్తోంది. నా డ్రాయింగు తప్పు కాదు. ఆ తర్వాత ఆయనెప్పుడో మార్చి, నాతో చెప్పలేదు. చనిపోయినవాళ్ళను ఏం అడుగుతాం.

గాజు గొట్టం కడిగి ఆరబెట్టాను. లెక్క పుస్తకంలో ఈ రోజు గడి దగ్గర చాలాసేపు కూర్చున్నాను. "జలుబు, కొలవలేదు" అని రాశాను. ముక్కు కొంచెం కారుతున్న మాట నిజమే.

మురాకి-సాన్‌కు చెప్పాలి. శనివారంలోపు చెప్పాలి. ఎలా చెప్పాలో రాసుకున్నాను.

మొదటి చిత్తు: తప్పు మా ఇంటిది. కునియెది కాదు.

రెండో చిత్తు: మా ఇంటి గొట్టంలో కూడా చిన్న లోపం ఉన్నట్టు తెలిసింది.

మూడో చిత్తు: కొన్ని ఇళ్ళ గొట్టాలను మరోసారి పరిశీలించడం మంచిదని నా అభిప్రాయం.

మూడోది మర్యాదగా ఉంది. కానీ ఎందుకని అడుగుతారు.

భోజనాల దగ్గర మసుమి తల ఎత్తకుండా అంది. "అత్తయ్యా, కునియె గారింటికి మేస్త్రి వచ్చేది ఎల్లుండే కదా."

"సూపులో మిసో ఎక్కువైంది" అన్నాను.

మే 20, శుక్రవారం

వాన. ఒకుడాను పిలిపించాను. బుద్ధుడి గది నేల లేపి, కొత్త గొట్టం వేసి, కాలువ వైపు కంత మూసేశాడు. ఆయన పటం పక్క గదిలో పెట్టాం. ఉదయం ఎనిమిది నుంచి మూడూ పది దాకా పట్టింది.

వెళ్ళేముందు గుమ్మంలో టోపీ తీసి నిలబడ్డాడు. "టీచరుగారూ, రేపు ఆ ఇంట్లో..."

"వాన పెరుగుతోంది. పాత గొట్టం ఇక్కడ వదలకుండా తీసుకెళ్ళు."

"అలాగేనండి."

అయిదో తరగతిలో కూడా అంతే. ప్రశ్న మొదలుపెట్టేవాడు, పూర్తి చేసేవాడు కాదు.

సాయంత్రం మురాకి-సాన్ ఇంటికి బయలుదేరాను. వంతెన దాకా వెళ్ళాను. గొడుగు కమ్మీ ఒకటి విరిగింది.

మే 21, శనివారం

మేస్త్రి తొమ్మిదికే వచ్చాడు కానీ తొమ్మిదీ నలభైకి గానీ పని మొదలుపెట్టలేదు. కునియె ఇంటి అరుగు మీద టీ తాగుతూ కూర్చున్నాడు. ఈ కాలపు పనివాళ్ళకు సమయం విలువ తెలియదు. మా కిటికీ లోంచి అన్నీ కనిపిస్తాయి.

ఇసుక పదకొండు బస్తాలు. సిమెంటు పని పన్నెండుంబావుకు ముగిసింది.

మే 23, సోమవారం

30.

మే 26, గురువారం

30.

మే 29, ఆదివారం

సమావేశం. వరుసగా ఆరు రోజులు ముప్పై. మురాకి-సాన్ లేచి నిలబడి, "అంకెలు గెలిచాయి. టీచరుగారి పట్టుదల లేకపోతే ఊరికి ఈ నీళ్ళు లేవు" అన్నాడు. అందరూ వంగారు. నేనూ వంగాను. ఒకుడా మూలన కూర్చుని తన మోకాళ్ళు చూసుకుంటున్నాడు.

చదివిన అంకెల్లో తప్పు లేదు. ఒక్కటి కూడా.

ఈ రోజు చెబుదామనుకున్నాను. కానీ సిమెంటు గట్టిపడింది. ఇప్పుడు చెబితే పగలగొట్టాలి, మూత తీసినా ఊట మళ్ళీ వస్తుందో రాదో. ఊరంతా ఆమె దగ్గరికి వెళ్ళి తలవంచాలి. అంతమందిని అవమానపరచడం న్యాయమా?

జూన్ 6, సోమవారం

30. పొద్దున ఏడు గంటలకు కునియె రెండు బకెట్లతో మా గుమ్మంలోకి వచ్చింది. కుళాయి నీళ్ళతో టోఫు విరిగిపోతోందట. సంతలో కూడా వెనక్కి ఇచ్చేశారట. "మీ నీటిగదిలో రోజూ రెండు బకెట్లు పట్టుకుంటాను. ఉన్న ఒక్క బేరం నిలబెట్టుకోవాలి" అంది.

వెంటనే ఒప్పుకున్నాను. ఇంకొకరైతే ఇంత జరిగాక గడప తొక్కనిచ్చేవాళ్ళు కాదు. రెండో బకెట్ నేనే ముంచి ఇచ్చాను. చాలా కిందికి వంగి దణ్ణం పెట్టింది.

మనసు తేలికైంది. చేయగలిగింది చేస్తున్నాను.

జూన్ 7

30. రెండు బకెట్లు.

జూన్ 8

30. రెండు బకెట్లు. ఆమె టోఫు ఒకటి తెచ్చింది. తిన్నాను. బాగుంది. మసుమి ముట్టలేదు, ఎందుకో.

జూన్ 16, గురువారం

30.

కునియె ఒక బకెట్ నింపి, రెండోది ముంచకుండా, బయట మా మెట్టు వైపు చూస్తూ నిలబడింది.

"గురువారం కూడా నురగ లేదే."

"లేదు."

"ఆ రోజు వానలో మీ ఇంట్లో గడ్డపార చప్పుడు విన్నాను. ఒకుడా భుజాన పాత గొట్టం వేసుకుని మా గుమ్మం ముందునుంచే పోయాడు. లోపలంతా సబ్బు పేరుకుని ఉంది, చేతిమందాన."

నేను బకెట్ అందుకోబోయాను. ఇవ్వలేదు.

"అది చూశాక నాకు సంతోషమేసింది, తొషీ." నా పేరు పెట్టి నలభై ఏళ్ళుగా ఎవరూ పిలవలేదు. "ఇక నువ్వొచ్చి చెబుతావులే అనుకున్నాను. ఆ సాయంత్రం నీకు కూడా టీ నీళ్ళు పెట్టాను. పొద్దున మేస్త్రి వస్తే, కాస్త ఆగు నాయనా, పొరుగింటావిడ ఒక మాట చెప్పడానికి వస్తుంది అన్నాను. పాపం మంచివాడు. నలభై నిమిషాలు ఆగాడు."

"నాకు జలుబు చేసింది" అన్నాను.

"అవునట. నీ పట్టికలో రాశావటగా." రెండో బకెట్ ముంచింది. "ఎవరికీ చెప్పనులే. చెప్పినా నీ అంకెల ముందు నా మాట ఎంత. రోజూ వచ్చి నీళ్ళు పట్టుకుంటాను. నువ్వు నిలబడి ముంచి ఇవ్వు, చాలు."

రెండు బకెట్లు. దణ్ణం పెట్టలేదు.

జూన్ 17, శుక్రవారం

30.

మధ్యాహ్నం పలక మీద కొత్త నోటీసు రాశాను. "ఆరోగ్యరీత్యా ఎవరింటి ఊట నీళ్ళు వారే వాడుకోవాలి. ఇరుగుపొరుగుకు పట్టి ఇవ్వరాదు. రేపటి నుంచి అమలు." మురాకి-సాన్ చదవకుండానే ముద్ర వేశాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయన్నాడు.

జూన్ 18, శనివారం

ఏడు గంటలకు వచ్చింది. తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది. ఒకసారి పిలిచింది, పేరు పెట్టి. మసుమి లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.

బకెట్లు కింద పెట్టిన చప్పుడు. పదకొండు నిమిషాలు నిలబడింది. తర్వాత ఖాళీ బకెట్లు ఒకదానికొకటి తగులుతూ పై ఇంటి వైపు వెళ్ళాయి.

ఏడూ ఇరవైకి కొలిచాను. స్పష్టత 30.